చేతికి వచ్చిన రాజ్యము: రేచర్ల రుద్రసేనాని

బెజవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున కోదాడ దాటి సూర్యాపేట చేరిన బాటసారికి నేడు ఆ పట్టణమున ఒక సేనాని విగ్రహము కానవచ్చును. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాను లోయలో నేలకొఱిగిన కర్నలు బిక్కుమళ్ళ సంతోష్ బాబు విగ్రహమది. ఆ పట్టణమునకే కూతవేటు దూరమున పిల్లలమఱ్ఱి యను గ్రామము గలదు. అచ్చటి నల్లరాతి దేవాలయములు ఎనిమిది వందల యేండ్ల క్రిందట ఆ సీమను ఏలిన మఱియొక సేనానీ కుటుంబము కట్టించినవి. ఆ కుటుంబమే రేచర్లవారు. ఆ వంశపు మఱియొక శాఖలో పుట్టి, కాకతీయ సింహాసనము శూన్యమైన వేళ ఆంధ్రదేశమును నిలిపినవాడు రుద్రసేనాని. ఆయన కట్టించిన పాలంపేట రామప్పగుడి 2021 జూలైలో ప్రపంచ వారసత్వపు జాబితా కెక్కినది. గుడిని ఎఱుగనివారు మనలో లేరు. దానిని కట్టించినవాని జీవితమును ఎఱిగినవారు మాత్రము కొలదిమందియే.

సేనాని యగుట కేది మార్గము? ఈ ప్రశ్న ప్రతి కాలమునను పుట్టుచునే యున్నది. కొందఱు పుట్టుకచేత, కొందఱు చదువుచేత, కొందఱు ప్రభువు దయచేత, కొందఱు శత్రువు చేతిలో ఓడియు ఆ పదవిని పొందిరి. మార్గములు పెక్కు. అయినను సేనాని నాణ్యమును తేల్చు ఒరగల్లు ఒక్కటియే. రుద్రుని చరిత్రలో ఆ ఒరగల్లు స్పష్టముగా కనబడుచున్నది. కావున ఆ చరిత్రను నేడు మరల స్మరించుట అవసరమని మా యభిప్రాయము.

రేచర్ల రెడ్లు తమ వంశమును బ్రహ్మసేనాని నుండి లెక్కించుకొనిరి. ఆ వంశము కాలక్రమమున రెండు శాఖలైనది. ఒక శాఖ పిల్లలమఱ్ఱిని తన నెలవుగా చేసికొన్నది. అందు బేతిరెడ్డి, నామిరెడ్డి ప్రసిద్ధులు. బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో ఎఱకేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. నామిరెడ్డి పేర నామేశ్వరాలయము వెలసినది. సూర్యాపేట ప్రాంతముననే యున్న నాగులపాటి ఆలయములును ఈ కుటుంబపువారివే. రెండవ శాఖ ఓరుగంటి దాపున ఎలకుర్తిని ఆశ్రయించుకొన్నది. ఆ శాఖలో కాటసేనాని కుమారుడుగా రుద్రుడు జన్మించెను. తరువాతి కాలమున రాచకొండ, దేవరకొండ రాజ్యముల నేలిన పద్మనాయకులకును రేచర్ల యను పేరే గలదు గాని, వారు వేఱు కుటుంబమువారు. పేరొక్కటైనంతమాత్రమున ఇరువురిని కలుపుట చరిత్రకు తగదు.

ఆనాటి సామంతుని బ్రతుకును మన పాఠకులలోని భూస్వాములు తేలికగా ఊహింపగలరు. నేడు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములకు నాగార్జునసాగరపు ఎడమ కాలువ నీరు వచ్చుచున్నది. ఆనాడు చెఱువే దిక్కు. చెఱువు లేనిచోట పంట లేదు. పంట లేనిచోట పన్ను లేదు. పన్ను లేనిచోట కత్తిపట్టు భటుడు లేడు. అందుచేత సామంతుడు మొదట చెఱువు త్రవ్వించెను, తరువాత గుడి కట్టించెను, ఈ రెంటి చుట్టును ఊరును నిలిపెను. ఆ ఊళ్ళ ఆదాయముతో పోషించిన సేనను రాజు పిలిచినపుడు వెంట గొనిపోయెను. భూమి అనుభవించువాడు దాని నిమిత్తమై ప్రాణమొడ్డవలెనను నియమము ఆ వ్యవస్థకు మూలము. ఆ నియమమును మఱచి అనుభవమును మాత్రమే నిలుపుకొన్న జాగీర్దారీ తరువాతి కాలపు వికారము. అది మన జిల్లాలలోని రైతును ఎట్లు పీల్చినదో, 1949లో దానిని రద్దుచేయవలసిన అవసరము ఎట్లు కలిగినదో చెప్పబనిలేదు.

కాకతీయుల కొలువున సేనానులగుటకు వంశమొక్కటియే మార్గము కాదు. మల్యాల చౌండసేనాని కృష్ణా ముఖమునందలి దివిసీమను కొల్లగొట్టి దివిచూఱకారుడను బిరుదు గడించెను. అది యుద్ధమున చూపిన పరాక్రమముచేత పైకి వచ్చిన మార్గము. అదే దివిసీమలో ఓడిన అయ్య కుటుంబమున పుట్టిన జాయపను గణపతిదేవుడు చేరదీసెను. ఆతని తోబుట్టువులగు నారాంబ, పేరాంబలను తాను పెండ్లియాడి, జాయపకు గజసేనాధిపత్యము నిచ్చెను. ఆ జాయపయే తరువాత నృత్తరత్నావళిని రచించి, కత్తిపట్టిన చేయి గంటమును పట్టగలదని చాటెను. అది ఓటమినుండి వచ్చిన మార్గము. రాజు దేహరక్షణకై ప్రాణము ధారపోయుదుమని ప్రతిజ్ఞచేసిన లెంకలు, అంగరక్షకులు మఱియొక మార్గమున నాయకులైరి. పిదప రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలమున గొప్ప వంశముల పేరు లేనివారును నాయంకరముగా భూములు పొంది సేనలకు అధిపతులైరి.

ఈ మార్గములన్నిటిలో రుద్రునిది మిక్కిలి సులభమైనది. తండ్రి సేనాని, తాత సేనాని. పుట్టుకతోనే గుఱ్ఱము, కత్తి, పరివారము సమకూడినవి. పుట్టుకచేత వచ్చిన పదవిని లోకము ఊరక గౌరవింపదు. దానికి తగినవాడవా యని ఒకనాడు అడుగును. రుద్రుని విషయమున ఆ ప్రశ్న ఓరుగంటి కోటనుండియే వచ్చినది.

హనుమకొండలో వేయిస్తంభముల గుడిని ప్రతిష్ఠించిన కాకతి రుద్రదేవుడు 1158 మొదలు రాజ్యమేలి, కాకతీయుల చిన్న రాజ్యమును స్వతంత్ర రాజ్యముగా పెంచెను. పడమట దేవగిరి యాదవులును ఆ కాలముననే బలవంతులగుచుండిరి. ఇరుగుపొరుగున ఎదుగుచున్న రెండు రాజ్యములకు పోరు తప్పలేదు. 1195-96 ప్రాంతమున యాదవులతోడి యుద్ధమున రుద్రదేవుడు మరణించెను. తమ్ముడు మహాదేవుడు సింహాసన మెక్కెను. మూడేండ్లు నిండునంతలో ఆయనయు యాదవులతోడి యుద్ధముననే ప్రాణములు విడిచెను. అంతటితో ఆపద తీఱలేదు. మహాదేవుని కుమారుడు గణపతి శత్రువుల చేజిక్కెను. ఇద్దఱు రాజులు వరుసగా కూలిరి, వారసుడు చెఱలో నుండెను.

ఇట్టి సమయమున రాజ్యములు ఎట్లు నశించునో చరిత్ర చదివినవారికి తెలియును. బయటి శత్రువు రాకముందే లోపలి సామంతులు తలయెత్తుదురు. నిన్నటివఱకు కప్పము కట్టినవాడు నేడు తన కోటతలుపులు మూసికొనును. పొరుగువాడు సరిహద్దు గ్రామమును కలుపుకొనును. కాకతీయ రాజ్యమును ఆనాడు ఆ దారినే నడువసాగినది. అప్పుడు సేన ఎవనిచేత నున్నదో రాజ్యము వానిచేత నున్నట్లు. సేన రేచర్ల రుద్రుని చేత నుండెను.

ఆయన ఎదుట మూడు దారులు తెఱచియుండెను. మొదటిది, తన సీమను తాను వేఱుచేసికొని స్వతంత్రుడగుట. పిల్లలమఱ్ఱి మొదలు ఎలకుర్తి వఱకు బంధుబలగము గల కుటుంబమునకు అది అసాధ్యము కాదు. రెండవది, రాజు లేడు గనుక రాజును తానే యని ఓరుగంట కూర్చుండుట. దేశచరిత్రలో అట్లు చేసిన సేనానులు పెక్కురు. మూడవది, రాని రాజు పేర రాజ్యమును కాపాడి, రాజు వచ్చిన నాడు అప్పగించుట. మూడవ దారిలో లాభము తక్కువ, ప్రమాద మెక్కువ. గణపతి తిరిగి రాకపోవచ్చును. వచ్చినను, ఇంత బలవంతుడైన సేవకుని చూచి అనుమానింపవచ్చును. రుద్రుడు ఆ మూడవ దారినే పట్టెను. తలయెత్తిన సామంతులను అణచెను. రాజ్యపు భారమును తన భుజమున మోసెను. కాకతీయరాజ్యభారధౌరేయుడను బిరుదు ఆయనకు ఆ పనివలననే వచ్చినది.

ఇచ్చట ఒక సందేహమునకు సమాధానము చెప్పవలెను. ఈ కీర్తి యంతయు రుద్రుడు తాను వేయించిన శాసనమునుండియే కదా మనకు తెలిసినది, తన్ను తాను పొగడుకొన్నవాని మాటను ఎట్లు నమ్ముట యని విమర్శకులు అడుగవచ్చును. సందేహము న్యాయమైనదే. ప్రశస్తి శాసనములలో అతిశయోక్తి సహజము. ప్రతి సేనానియు వేయిమందిని గెలిచినవాడే, ప్రతి దాతయు కల్పవృక్షమే. అందుచేత పొగడ్తను ప్రక్కన బెట్టి, జరిగిన దేదో, జరుగనిదేదో చూడవలెను. గణపతి చెఱనుండి తిరిగి వచ్చెను. వచ్చునప్పటికి ఏలుటకు రాజ్యము మిగిలియుండెను. దానికై ఆయన తన సేనానితో పోరాడవలసిన పని కలుగలేదు. అటుపిమ్మట పదునాలుగేండ్లకు రుద్రుడు వేయించిన శాసనములో రాజు గణపతియే, రుద్రుడు సేనానియే. సింహాసనము నాక్రమించిన రుద్రుడు చరిత్రలో ఎచ్చటను కనబడడు. ఈ జరుగనిదే ఆయన గొప్పతనమునకు గట్టి సాక్ష్యము. ఇది ఏ కవి పొగడ్తయు కాదు.

గణపతిని యాదవరాజు జైతుగి విడిచిపెట్టుట తమ ప్రభువు దయవలన జరిగినదని యాదవులు చెప్పుకొనిరి. రాజకీయములలో దయకు వెనుక లెక్క యుండును. లోపల చీలిపోయిన దేశమును మ్రింగుట సులభము. చీలక నిలిచిన దేశముతో ఒప్పందము మేలు. ఓరుగల్లు కూలిపోయి, సామంతులు తలకొక దిక్కుగా పోయియుండినచో, చెఱలోని రాజకుమారునికి విలువ యేమి? వానిని విడిచిపెట్టి మిత్రునిగా చేసికొనవలసిన అవసరమేమి? గణపతి విలువను నిలిపినది రుద్రుడు నిలిపిన రాజ్యమే యని మేము తలంచుచున్నాము.

1199 ప్రాంతమున ఓరుగల్లు చేరిన గణపతిదేవుడు 1262 వఱకు, అనగా అఱువది యేండ్లకు పైగా ఏలెను. కాకతీయులలో అంతటి దీర్ఘపాలన మఱియొకరికి లేదు. తెలంగాణమును తీరాంధ్రమును ఒక్క ఏలుబడిలోనికి తెచ్చినవా డాయనయే. మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయశాసన మిచ్చి, తుపానుచేత ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును దోచు దురాచారమును మానిపినవాడును ఆయనయే. చౌండుడు, జాయప వంటి సేనానులు వెలసినదియు ఆ పాలనముననే. ఈ మహావృక్షమునకు వేరు 1199కి ముందటి ఆ సంకటకాలమున నున్నది. ఆనాడు సేనాని ఆశపడియుండినచో ఈ అఱువది యేండ్ల చరిత్ర లేదు.

రాజ్యము చక్కబడిన తరువాత రుద్రుడు కత్తి నుండి కట్టడమునకు మరలెను. ఓరుగంట రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెను. పాలంపేటలో పెద్ద చెఱువును, దాని చేరువను మహాలయమును నిర్మించెను. శాలివాహన శకము 1135, అనగా క్రీస్తుశకము 1213లో శాసనము వేయించెను. ఆ గుడి పునాదిలో ఇసుక నింపిన గోతులు, శిఖరమున నీట తేలునంత తేలికైన ఇటుకలు, స్తంభములపై నల్లరాతి మదనికలు నేటి యింజనీరులకును ఆశ్చర్యము గొల్పుచున్నవి. ప్రధానాలయమునకు తోడుగా కాటేశ్వరుని, కామేశ్వరుని గుడులును వెలసినవి. దేవుని పేర తన పెద్దల పేర్లను నిలుపుట ఆనాటి ఆచారము. విశేషమేమనగా, జనులు ఆ గుడిని కట్టించిన ప్రభువు పేర పిలువలేదు. చెక్కిన శిల్పి రామప్ప యని ప్రతీతి. ఆ పేరే గుడికిని చెఱువునకును నిలిచినది. రాజ్యమునే తిరిగి యిచ్చినవాడు ఈ కీర్తిని శిల్పికి వదలుకొనుటకు బాధపడియుండడు. నేడు ప్రపంచ వారసత్వపు జాబితాలో మాత్రము రుద్రేశ్వరుడు, రామప్ప ఇద్దఱును ప్రక్కప్రక్కనే నిలిచియున్నారు. గుడి కట్టించిన ఎనిమిది వందల యేండ్లకు ఆ చెఱువు క్రింద నేటికిని పంటలు పండుచున్నవి.

ఆ 1213లోనే గుంటూరు సీమలోని చేబ్రోలునందు జాయపసేనానియు శాసనము వేయించెను. ఒకడు తరతరాల సామంతుని కొడుకు, మఱియొకడు ఓడింపబడిన కుటుంబపు బిడ్డ. వచ్చిన దారులు వేఱు. నిలిచిన తీరు ఒక్కటి. ఒకే యేట ఇద్దఱును ఒకే రాజునకు సేనానులుగా గుడులకు దానము లిచ్చిరి. కాకతీయ రాజ్యపు బలము ఈ కూడికలో నున్నది.

ఆ బలము తరువాత నిలిచినదా? కొంతకాలము నిలిచినది. నల్లగొండ జిల్లా నకిరేకల్లు దాపున చందుపట్ల గ్రామములోని 1289 నవంబరు నాటి శాసనము రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము నందిన సంగతిని తెలుపుచున్నది. వారి పుణ్యమునకై భూమినిచ్చిన పువ్వుల ముమ్మడి గొప్ప ప్రభువు కాదు, మల్లికార్జునుని కొలిచిన భృత్యుడు. రాణి పేరును సేనాని పేరును ఒక్క రాతిపై నిలిపిన ఆ శాసనము మన సీమలో సూర్యాపేటకు దూరము కాదు. కాని 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు వశమైన పిదప దారులు చెదరినవి. చెఱపట్టువడిన గన్నమనాయకుడు మతము మార్చుకొని మాలిక్ మక్బూలుగా ఢిల్లీ సుల్తానునకు వజీరయ్యెను. మిగిలిన నాయకులు కొంతకాలము కూడి పోరాడి శత్రువును తఱిమిరి. ఆ పిమ్మట ఎవని కోటలో వాడు రాజైరి, ఒకరితో నొకరు కలహించిరి. శూన్యసింహాసనము రెండవమాఱు కనబడినపుడు దానిని కాచి అప్పగింప రుద్రుడు లేడు, అప్పగించుటకు గణపతియు లేడు.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీ దక్షిణమునుండి తెలుగు సిపాయిలను వంగదేశమునకు కొనిపోయినపుడు, ఉత్తర హిందూస్థానమున కంపెనీ సిపాయికి తిలంగా యను పేరే స్థిరపడినది. మన జాతి పేరే సిపాయికి పేరైనది. కాని ఆ తిలంగా ఎంత కష్టపడినను సుబేదారు పదవితో ఆగిపోవలసినదే. నిన్న ఓడ దిగిన ఇంగ్లీషు కుఱ్ఱ దొరకు తల నెఱసిన సుబేదారు సలాము చేయవలసినదే. 1857 తరువాత యుద్ధజాతులను కల్పనతో మద్రాసు సేనలను తగ్గించి, తెలుగువానికి సిపాయి పనిని కూడ దూరము చేసిరి. కాకతీయుల నాడు ఓడినవానికిని తెఱచియున్న సేనానిత్వపు తలుపు, పరప్రభుత్వమున గెలిపించినవానికిని మూయబడెను. 1918 తరువాత కొలదిమందికి ఇంగ్లండు శాండ్హర్స్టులో చోటిచ్చిరి. డెహరాడూనులో భారత సైనిక విద్యాలయము 1932లో గాని తెఱవబడలేదు.

నేడు ఆ తలుపులు పెక్కు తెఱచియున్నవి. పండ్రెండవ తరగతి పూర్తిచేసిన విద్యార్థి పరీక్ష నెగ్గి ఖడక్వాస్లా జాతీయ రక్షణ విద్యాలయమున చేరవచ్చును. పట్టభద్రుడు డెహరాడూనుకో, చెన్నపట్టణపు శిక్షణాలయమునకో పోవచ్చును. సిపాయిగా చేరినవాడును యోగ్యత చూపి సైన్యముననుండియే ఎన్నికై అధికారి కావచ్చును. ఖడక్వాస్లా ద్వారములు 2022 నుండి యువతులకును తెఱవబడినవి. సూర్యాపేట బిడ్డ సంతోష్ బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, అచ్చటినుండి ఖడక్వాస్లా, డెహరాడూనుల మీదుగా 2004లో బీహారు పటాలమున చేరి, దాని నాయకుడుగా సరిహద్దున ప్రాణమిచ్చెను. దేశ మాయనకు మహావీరచక్ర మిచ్చి గౌరవించినది. సామంతుని కుమారుడు కానక్కఱలేదు, రాజు బంధువు కానక్కఱలేదు. ప్రజాస్వామ్యపు గొప్పతనమిది.

అయినను పరీక్ష నెగ్గుట ద్వారమును దాటుట మాత్రమే. తరువాతి పరీక్షకు ప్రశ్నపత్రము లేదు, ముందుగా తెలియు తేదీయు లేదు. మన దేశమున 1947 తరువాత సేన ఒక్కనాడును సింహాసనమువంక చూడలేదు. మన యిరుగుపొరుగు దేశములలో పెక్కింట చూచినది. అచ్చటి సేనానులును గొప్ప విద్యాలయములలో చదివినవారే, ధైర్యవంతులే. కొఱతపడినది విద్యయు కాదు, శౌర్యమును కాదు. పై నుండి ఆజ్ఞాపించువాడు లేనపుడు తన ఆశను తానే ఆజ్ఞాపింపగల నిగ్రహము కొఱతపడినది. అది రేచర్ల రుద్రునికి ఉండెను.

సెలవు దినములలో మన పట్టణములవారు కుటుంబములతో పిల్లలమఱ్ఱికిని, పాలంపేటకును పోవుచున్నారు. శిల్పములను చూపి పిల్లలకు ఆనందము కలిగించుచున్నారు. అది మంచిదే. ఆ రాతిగోడల నడుమ నిలిచినపుడు వారికి ఇంకొక మాటయు చెప్పవలెను. ఈ గుడి కట్టించిన కుటుంబమున ఒకనికి ఒకనాడు రాజ్యము చేతికి వచ్చెను, ఆయన దానిని తనది కాదని భద్రపఱచి, సొంతదారునికి ఇచ్చివేసెనని చెప్పవలెను. సేనాని కాగోరు బాలుడు ఏ దారినైన పోవుగాక, ఈ కథను వెంట గొనిపోవలెను.